కోలోలో చివరి చోటు

లెస్కోవోలో పెర్సిడా నోటికి భయపడనిది చర్చి గంట ఒక్కటే అనేవాళ్ళు. అది కూడా ఆవిడ ఆ పక్కగా వెళ్తుంటే కాస్త గొంతు తగ్గించి మోగుతుందని రకియా అనే పళ్ళ సారా అమ్మే కొట్టు ముందు బెంచీల మీద కూర్చునే మగవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వేది మాత్రం ఆవిడ మలుపు తిరిగి కనుమరుగయ్యాకే.

ఊరి హాల్లో పిల్లలకి కోలో నేర్పడం ఆవిడ పని. చెయ్యీ చెయ్యీ పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, పాదాలు నేలకి తగిలీ తగలనట్టు ఆడే ఆ ఆట హోమోల్యే కొండల్లో పుట్టినవాళ్ళకి నడకతో పాటే వస్తుంది. పెర్సిడా మాట మాత్రం వేరు. "నడవడం గాడిదలకీ వచ్చు. మడమ ఎత్తవే!" అని చీపురు కర్రతో నేల మీద టకటకా కొట్టేది. తప్పు చేసినవాళ్ళని వరసలో చివరికి పంపేసేది. కోలోలో చివరి చోటంటే అడుగులు రానివాళ్ళదీ, తాగొచ్చినవాళ్ళదీ. ఆ చోటుకి వెళ్ళమనగానే ఏడ్చిన పిల్లలు ఇప్పుడు తల్లులయ్యి, తమ పిల్లల్ని మళ్ళీ ఆవిడ దగ్గరికే పంపిస్తున్నారు. తిట్టుకుంటూనే పంపిస్తున్నారు.

ఆవిడ తండ్రి అకార్డియన్ వాయించేవాడు. పెర్సిడాకి జడ వేసుకోవడం కూడా సరిగ్గా రాని వయసులో ఆయన పోయాడు. తల్లి పిల్లకి నల్ల గౌను తొడిగి, నల్ల తలగుడ్డ కట్టి, ఏడాది తిరిగేదాకా పాట లేదు, ఆట లేదు అంది. ఆ ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా అంతే. శనివారం సాయంత్రాలు హాల్లో సంగీతం మొదలయ్యేసరికి తల్లి లేచి కిటికీలు మూసేది. పెర్సిడా బల్ల కింద పాదాలు దాచుకుని, వేళ్ళు మాత్రం కదుపుతూ కూర్చునేది. ఆ ఏడాది గురించి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నల్లబట్టలు విప్పిన రోజు నుంచీ మాత్రం ఎవరితోనో పోట్లాడుతున్నట్టే ఆడింది.

అలాంటి మనిషిని ట్రైనింగ్‌కి పిలిచారు.

పక్క ఊళ్ళో ఒక కుర్రాడు తన ప్రాణం తనే తీసుకున్నాక మండలం ఆఫీసు వాళ్ళకి మెలకువ వచ్చింది. మనసు డాక్టరు ఉండేది పట్నంలో. ఇవాళ పేరు రాయించుకుంటే చెట్ల ఆకులు రాలాక పిలుపొస్తుంది. అందుకని పిల్లల్ని రోజూ చూసేవాళ్ళకి నాలుగు ముక్కలు నేర్పిద్దామన్నారు. స్కూలుకీ పట్నానికీ బస్సు నడిపే ట్రయిలో, స్కూలు ఎదురుగా బేకరీ నడిపే ఆవిడ, ఫుట్‌బాల్ కోచ్, పెర్సిడా. నేర్పడానికి బెల్‌గ్రేడ్ నుంచి తియోడోరా అనే అమ్మాయి వచ్చింది. సన్నగా, చెవికి నాలుగైదు రింగులతో.

"అమ్మాయ్, మేం డాక్టర్లం కాదు. నేను గేర్లు మార్చేవాణ్ణి," అన్నాడు ట్రయిలో.

"అందుకే పిలిచాం బాబాయ్. పిల్లలు డాక్టర్ దగ్గరికి ఎప్పుడో వెళ్తారు. మీ బస్సు రోజూ ఎక్కుతారు."

పెర్సిడా చేతులు కట్టుకుని వెనక్కి వాలింది. "నువ్వెంత మంది పిల్లల్ని పెంచావమ్మా?"

"ఒక్కర్నీ లేదు."

"ఆహా. మరి మాకు నేర్పడానికొచ్చావు."

"మీ దగ్గర నేర్చుకోవడానికి కూడా," అంది తియోడోరా.

"ఈ తేనె పూతలు నా దగ్గర వద్దు. మా ఇంట్లో తేనెటీగలున్నాయి. మా ఆయన పెంచుతాడు."

తర్వాత తియోడోరా ఒక ఆట పెట్టింది. ట్రయిలో ఒక బెంగపడ్డ ఆడపిల్లలా నటించాలి, పెర్సిడా వినాలి. అంత బొజ్జ, అంత మీసం ఉన్న ట్రయిలో తల వంచుకుని, "నాకేం బాగాలేదత్తా," అన్నాడు.

"నడుం నిటారుగా పెట్టు, అదే బాగుంటుంది."

గదంతా గొల్లుమంది. తియోడోరా నవ్వలేదు. "మళ్ళీ," అంది.

"నాకేం బాగాలేదత్తా."

"తిన్నావా లేదా? తినకపోతే ఎలా బాగుంటుందే, బుద్ధి లేదూ?"

"మళ్ళీ. సలహా వద్దు, తిట్టు వద్దు. ఊరికే వినండి."

మూడోసారి పెర్సిడా పెదాలు బిగించి కూర్చుంది. మొహం ఎర్రబడింది. ట్రయిలో ఆవిడ మొహం చూసి నటన మర్చిపోయి, "మీరు తిట్టేయండక్కా, నాకే భయమేస్తోంది," అన్నాడు.

సాయంత్రం తియోడోరా అసలు మాట చెప్పింది. "అనుమానం వస్తే చుట్టూ తిప్పకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. మీరు అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. లోపలున్నది బయటికొస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. దాచిపెడతానని మాటివ్వకండి. డాక్టర్ దాకా చేర్చండి. అంతవరకూ పిల్లని ఒంటరిగా వదలకండి."

పెర్సిడా లేచి నిలబడింది. "నీకు మా ఊరు తెలీదు. బతికున్న మనిషి దగ్గర చావు మాట ఎత్తితే మొహాన ఉమ్ముతారు ఇక్కడ."

"అయితే మొహం తుడుచుకుని మళ్ళీ అడగండి."

తిరుగు బస్సులో పెర్సిడా దారంతా ఆ పిల్లని తిట్టింది. చెవి రింగులు తిట్టింది, చెప్పులు తిట్టింది. ట్రయిలోకి అర్థమైపోయింది, ఆవిడకి ఆ పిల్ల నచ్చిందని.

* * *

మిల్యానా పెర్సిడా పిల్లలందరిలోకీ గట్టిది. పదహారేళ్ళు. కోలోకి ముందుండి నడిపించేది. పెర్సిడా దాన్ని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు, ఒక్కసారి కూడా చివరికి పంపలేదు. కిందటి శరదృతువులో మిల్యానా అన్న దలిబోర్ అడవి నుంచి దుంగలు తెస్తుంటే వాలులో ట్రాక్టర్ బోల్తా పడి పోయాడు. తల్లి రాడోయ్కా కూతురికి నల్లబట్టలు తొడిగింది. ఏడాది తిరిగేదాకా హాలు మెట్లెక్కొద్దంది. ఊరంతా అది సబబే అంది. పెర్సిడా కూడా నోరెత్తలేదు. తనకీ అలాగే జరిగింది కదా, తను బతకలేదా అనుకుంది.

వసంతంలో ఒక రోజు ట్రయిలో హాలుకొచ్చాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"అక్కా, ఆ రాడోయ్కా కూతురు... స్కూలు దాకా రావట్లేదు. నది దగ్గర దిగిపోతానంటోంది. దింపేస్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు అదే రాయి మీద కూర్చుని ఉంటోంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"మంచు కరిగినప్పట్నుంచి."

"ఇప్పుడా చెప్పేది, గేదె మొహమా!"

"దుఃఖంలో ఉన్న ఇల్లక్కా. మనం ఏం మాట్లాడతాం?"

అదే చిక్కు. చావు జరిగిన ఇంటికి ఊరికే వెళ్ళకూడదు. పొమానా రోజునే వెళ్ళాలి. పోయినవాళ్ళ పేరు మీద ఊరికి భోజనం పెట్టే రోజది. బల్ల మీద చచ్చిపోయిన మనిషికీ ఒక పళ్ళెం వేస్తారు, దాని ముందు మైనపు వత్తి వెలిగిస్తారు. దలిబోర్‌కి ఆరు నెలల పొమానా ఆ వారమే ఉంది. పెర్సిడా బస్సుకి వచ్చే పిల్లని రోడ్డు మీద ఆపాలని రెండుసార్లు చూసింది. నల్ల తలగుడ్డ కిందికి లాక్కుని, పిల్ల పక్కనుంచి జారిపోయింది.

పొమానా రోజు బీన్స్ వంటకం, చేప, తేనె కలిపిన ఉడికించిన గోధుమలు, రొట్టెలు. బల్ల పొడుగునా ఆడవాళ్ళు. దలిబోర్ పళ్ళెం నిండుగా ఉంది. దాని పక్కన మిల్యానా పళ్ళెంలో ఒక రొట్టె ముక్క, అది కూడా ఎవరో పెట్టింది. పిల్ల మణికట్టు పుల్లలా అయిపోవడం పెర్సిడా చూసింది. నాలుగేళ్ళుగా తను పట్టుకుని తిప్పిన చెయ్యి అది.

పిల్లని పక్కకి పిలుద్దామనే వెళ్ళింది. కానీ వత్తి ఆరేదాకా ఇంటివాళ్ళు బల్ల దగ్గర్నుంచి లేవకూడదు. వత్తి చూస్తే ఇంకా సగం కూడా కాలేదు. పెర్సిడా కాసేపు ఓపిక పట్టింది. ఆవిడ ఓపిక ఎంతని! పిల్ల నీళ్ళ గ్లాసు ఎత్తబోయి, మళ్ళీ పెట్టేసి, అన్న పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చూశాక ఆవిడ నోరు ఆగలేదు.

"మిల్యానా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

గట్టిగానే అడిగింది. ఆవిడకి మెల్లగా మాట్లాడటం చేతకాదు.

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఒక ముసలావిడ శిలువ గుర్తు వేసుకుని నేల మీద ఉమ్మింది. చచ్చినవాడి బల్ల దగ్గర, వాడి వత్తి వెలుగుతుండగా, ఆ ఇంట్లో మిగిలిన ఒక్క బిడ్డ గురించి ఆ మాట! శాపం పెట్టాలన్నా అంతకంటే గట్టిగా ఎవరూ పెట్టలేరు.

రాడోయ్కా లేచింది. "ఏమన్నావే?"

"అడిగాను. పిల్ల మనసులో ఏం..."

"బయటికి నడు. నడవ్వే బయటికి! నా కొడుకు తిండి తింటూ నా కూతుర్ని చంపుతావా?"

రాడోయ్కా విసిరిన పళ్ళెం పెర్సిడా వెనక గోడకి తగిలి బద్దలైంది. గేటు దాటేలోపు రెండోది కూడా వచ్చింది.

* * *

మర్నాటి నుంచి హాల్లో పిల్లలు తగ్గారు. వారం తిరిగేసరికి హాల్లో పెర్సిడా, చీపురు కర్ర మిగిలారు. బేకరీలో రొట్టె కోసం నిలబడితే ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు పక్కకి జరిగేవాళ్ళు. "చావుని పిలిచే నోరు," అంది ఒకావిడ, వినపడేలాగే. అన్నావిడ ఒకప్పుడు పెర్సిడా దగ్గర కోలో నేర్చుకున్న పిల్లే. ట్రైనింగ్‌లో పక్కన కూర్చున్న బేకరీ ఆవిడ కూడా పిండి చేతులు తుడుచుకుంటూ గుసగుసగా, "అందరి ముందు అడగొద్దని చెప్పింది కదక్కా ఆ అమ్మాయి," అంది.

"తెలుసు," అంది పెర్సిడా. "నా నోటికే ఆ సంగతి తెలీలేదు."

తియోడోరాకి ఫోన్ చేసి చెప్పేసింది కూడా. "సరే. తప్పు జరిగింది. పిల్ల మీ దగ్గరికొస్తే తలుపు తీసి ఉంచండి," అంది తియోడోరా. పెర్సిడా తిట్లు తినడానికి సిద్ధపడి ఫోన్ చేసింది. తిట్టకపోయేసరికి ఎక్కువ నొప్పెట్టింది.

ఆ మధ్యాహ్నమే మిల్యానా వచ్చింది. హాలు తలుపు తీసే ఉంది. నల్లబట్టలతో గడప మీద ఆగింది. నల్లబట్టల్లో హాలు మెట్లెక్కకూడదన్న అలవాటు కొద్దీ.

"అత్తా, అందరి ముందు అడిగావు."

"అవునే. తప్పు నాదే."

"అమ్మ నీ పేరు ఎత్తితే ఏడుస్తోంది."

"ఏడవనీ."

పిల్ల గోడకానుకుని కూర్చుంది. "ఇంకెవరూ అడగలేదు," అంది.

పెర్సిడా నాలిక మీదకి మాటలు బస్సు దిగే జనంలా తోసుకొచ్చాయి. తిన్నావా, నిద్రపోయావా, మీ అమ్మకేమన్నా బుద్ధుందా. చీపురు కర్ర రెండు చేతులా పట్టుకుని అన్నింటినీ మింగింది. మింగడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు తెలిసింది.

"అన్నయ్య ఆ రోజు నన్ను రమ్మన్నాడు, ట్రాక్టర్ మీద. నేను రిహార్సల్ ఉందన్నా. నేను పక్కనుంటే మెల్లగా నడిపేవాడు. ఎప్పుడూ నేనుంటే మెల్లగానే నడుపుతాడు." పిల్ల గోళ్ళతో నల్ల గౌను అంచు పీకుతోంది. "ఇంట్లో వాడి పళ్ళెం ఉంటుంది. వాడి మంచం దులుపుతారు. వాడి గురించే మాట్లాడతారు. నేను వాడి దగ్గరికెళ్ళిపోతే బాగుంటుందనిపిస్తోంది. అవునత్తా. నువ్వడిగింది అవును."

పెర్సిడా కర్ర పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. మోకాళ్ళు కటకటమన్నాయి.

"ఇవాళ కూడానా?"

"ఇవాళ... ఇవాళ నీ దగ్గరికి వద్దామనిపించింది."

"మంచి పని చేశావు." అంతే అంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి మిల్యానా వినడం అదే మొదటిసారి.

"ఎవరికీ చెప్పకు," అంది పిల్ల.

"చెప్తాను. నీతో అబద్ధం ఆడను. ఆ బెల్‌గ్రేడ్ అమ్మాయికి చెప్తా, డాక్టర్‌ని చూపించమని. మీ అమ్మకీ చెప్తా."

పిల్ల మొహం మారిపోయింది. "నువ్వూ అంతే! అందరి కంటే నువ్వే చెడ్డదానివి! ఎందుకొచ్చానా నీ దగ్గరికి!" లేచి పరుగెత్తింది. పెర్సిడా ఆ పిల్ల ఇంటి దాకా వెనకాలే వెళ్ళింది. పిల్ల గేటు లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేదాకా ఎదురింటి గోడ దగ్గర నిలబడింది.

తియోడోరా ఎవరెవరినో పట్టుకుని, పట్నంలో పిల్లల్ని చూసే డాక్టరమ్మ దగ్గర సోమవారానికి చోటు సంపాదించింది. ఊరి జాతర అయిన మర్నాడది. పిల్ల మైనరు, తల్లి రావాలి, తల్లి సంతకం పెట్టాలి. అప్పటిదాకా రోజూ పొద్దున్నే పెర్సిడా బస్సెక్కి మిల్యానా పక్కన కూర్చునేది. పిల్ల మొహం కిటికీ వైపు. ఒక్క మాట లేదు. నది దగ్గర బెల్లు కొడితే ట్రయిలో, "బెల్లు పాడైందమ్మా, స్కూలు దగ్గరే ఆగుతుంది," అనేవాడు. ఊరి డాక్టరు కూడా ఒకరోజు బీపీ చూసే నెపంతో స్కూల్లోకి వెళ్ళి పిల్లతో మాట్లాడొచ్చాడు.

మిగిలింది రాడోయ్కా.

* * *

కుక్క అరుస్తుంటే పెర్సిడా కంచె ఇవతల నిలబడి చెప్పింది. అన్నీ చెప్పింది. పిల్ల ఏమందో, డాక్టరు ఎప్పుడో.

"నా కూతురు పిచ్చిది కాదు," అంది రాడోయ్కా. చేతిలో తడి గుడ్డ, నీళ్ళు కారుతున్నాయి.

"కాదు. దుఃఖం మోయలేకపోతోంది."

"మా ఇంటి దుఃఖం మేం మోసుకుంటాం. ఊరి నోళ్ళలో వెయ్యకు. ఏడాది తిరిగేదాకా ఆ పిల్ల బడికి తప్ప ఈ గడప దాటదు. డాక్టరూ లేదు, నీ ఆటా లేదు."

"రాడోయ్కా, దలిబోర్‌కి పళ్ళెం వేస్తున్నావు, నిండా పెడుతున్నావు. పక్కనున్న పళ్ళెం ఎప్పుడైనా చూశావా? బతికున్నది తినడం మానేసింది."

రాడోయ్కా దగ్గరికొచ్చి మొహాన ఉమ్మింది. కంచె మీదుగా, సూటిగా.

పెర్సిడా కదల్లేదు. తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంది. "మళ్ళీ అడుగుతున్నాను. సోమవారం తీసుకెళ్తావా? ముందు ఆదివారం జాతరలో వాడి పేరు మీద కోలో ఆడిస్తావా?"

ఆ కోలో సంగతి ఆ కొండల్లో అందరికీ తెలుసు. జాతర రోజు చచ్చినవాళ్ళ పేరు మీద ఒక ఆట ఆడిస్తారు. ముందున్నవాళ్ళు ఫొటో, వత్తి పట్టుకుంటారు. ఆ ఆట పోయినవాళ్ళకి చేరుతుంది. ఇంటివాళ్ళు ఆ కోలోలో అడుగు వేస్తే నల్లబట్టలకి అక్కడితో సెలవు. ఎప్పుడూ ఏడాది తిరిగాకే చేస్తారు. ముందు చేస్తే చచ్చినవాడిని తొందరగా పంపించేసినట్టు.

"ఏడాది కాలేదు," అంది రాడోయ్కా.

"మా నాన్నకి ఏడాది ఆగింది మా అమ్మ. ఆ ఏడాది నేను బతికానో లేదో ఎవరూ చూడలేదు. నేను మొండిదాన్ని కాబట్టి మిగిలాను. నీ కూతురు నాలాంటిది కాదు. మంచిది."

తలుపు ధడాలున పడింది.

జాతర రోజు హాలు ముందు మైదానంలో గొర్రెలు కాలుతున్నాయి, అకార్డియన్ వాడు బెల్టు సర్దుకుంటున్నాడు. పెర్సిడా చుట్టూ ఎవరూ లేరు. ఆవిడ చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది. ఆటలు ఒకటి తర్వాత ఒకటి అయిపోతున్నాయి. అప్పుడు రాడోయ్కా వచ్చింది, నిలువునా నలుపు. చంకలో ఫొటో, చేతిలో వత్తి. వెనక మిల్యానా. తిన్నగా పెర్సిడా దగ్గరికొచ్చి రెండూ చేతిలో పెట్టింది.

"రాత్రి దీని పళ్ళెం చూశాను. ఆడించు. పాపం నీ మీద. నేను ఆడను."

"నా మీదే," అంది పెర్సిడా.

అకార్డియన్ మొదలైంది. పెర్సిడా ఫొటో, వత్తి ఎడమ చేత పట్టుకుని, కుడి చెయ్యి వెనక్కి చాపింది. మిల్యానా కాసేపు చూసి ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరే. చుట్టూ ఊరు, ఒక్కరూ కలవరు. "ఏడాది కూడా కాలేదు," అన్నారెవరో. ట్రయిలో టోపీ జేబులో కుక్కుకుని, బొజ్జ ఊపుకుంటూ వచ్చి పిల్ల రెండో చెయ్యి పట్టుకున్నాడు. అడుగు ఒక్కటీ కుదర్లేదు. బేకరీ ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు. కొందరు వీపు తిప్పుకుని మైదానం దాటి వెళ్ళిపోయారు, వాళ్ళు తర్వాత కూడా పెర్సిడాతో మాట్లాడలేదు.

మలుపు దగ్గర మిల్యానా పాదాలు ఆగిపోయాయి. అన్న ఫొటో ఎదురుగా ఉంది. పిల్ల వంగిపోయి ఏడుస్తోంది, ఆరు నెలలుగా ఏడవనిదంతా. అకార్డియన్ వాడు ఆపబోతే, "వాయించరా!" అని పెర్సిడా అరిచింది.

అప్పుడు పెర్సిడాని భుజం పట్టి ఎవరో తోశారు.

"పక్కకి జరుగు," అంది రాడోయ్కా. వత్తి, ఫొటో లాక్కుంది. కూతురి చెయ్యి పెర్సిడా చేతిలోంచి ఊడదీసి తన చేత్తో పట్టుకుంది. "అది నా చోటు."

పెర్సిడా జరిగింది. వరస పొడుగునా వెనక్కి నడిచింది. మధ్యలో ఎవరూ చెయ్యి విడదీసి చోటివ్వలేదు. చివర, అడుగులు రాని ఒక తాగుబోతు పక్కన, చివరి చోటు దొరికింది. అక్కడ నిలబడింది.

ముందు తల్లీకూతుళ్ళు నడుస్తున్నారు. అది ఆట అని ఎవరూ అనలేరు, కానీ ఆగకుండా తిరుగుతున్నారు. రెండో చుట్టులో రాడోయ్కా తల తిప్పకుండానే ట్రయిలోని అడిగింది, "రేపు పట్నం బస్సు ఎన్నింటికి?"

"ఏడింటికొదినా. ముందు సీటు ఖాళీగా ఉంచుతా."

"రెండు ఉంచు." కాస్త ఆగి, వరస చివరికి వినపడేలా అంది, "ఆవిడ మాత్రం ఎక్కకూడదు."

"నేనెక్కను!" అని చివర్నించి కేక వచ్చింది. "నీ కూతురు మడమ ఎత్తట్లేదు, ముందది చూడు!"

మిల్యానా మొహమంతా తడి. వెనక్కి చూడలేదు. తర్వాతి అడుగుకి మడమ ఎత్తింది.